అంకెల గని

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడ్డాయి. నూట ఇరవై సంవత్సరాలపాటు భూగర్భాన్ని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు తొలిచిన ఆ గనులలో బంగారం పూర్తిగా అడుగంటిపోయిందని చాలామంది అనుకొంటారు. నిజానికి అక్కడ బంగారం ఇంకా ఉన్నది. అయితే ఒక్కొక్క టన్ను రాతి నుంచి దక్కే బంగారం తగ్గింది. లోతు పెరిగినకొద్దీ రాతిని పైకి చేర్చడానికి, ఊటనీటిని తోడిపోయడానికి, అడుగున మరిగే గాలిని చల్లబరచడానికి అయ్యే ఖర్చు పెరిగింది. ఒక దినాన ఆ ఖర్చు బంగారం వెలను మించిపోయింది. గని మూతపడటానికి లోహం నిండుకోనక్కరలేదు. తవ్వకం ఖర్చు లోహం ఖరీదును దాటితే చాలు.

ఈ గనులకు మరొక విశేషం ఉన్నది. 1902లో కావేరీ నది మీది శివసముద్రం జలపాతం వద్ద ఉత్పత్తి చేసిన విద్యుత్తు మొట్టమొదట ప్రవహించింది ఈ గనులకే. అంటే మన దేశంలో తవ్వకానికీ విద్యుత్తుకూ ఏర్పడిన చుట్టరికం శతాబ్దానికి పైబడినది. పలుగూ పారా లేని మరొక గనిని గురించి ఈ పాఠంలో తెలుసుకొంటాం. అందులో దొరికేది లోహం కాదు, అంకె. అయినా కోలారును మూసివేసిన లెక్కే దీనినీ శాసిస్తుంది. ఆ గని పేరు బిట్‌కాయిన్. దానిని తవ్వే యంత్రాలను కొనడం లాభసాటి అవునా కాదా అన్నది ఇక్కడి ప్రశ్న. ఈ ప్రశ్న విద్యార్థులకు అక్కరలేనిదని పెద్దలు కొందరు భావించవచ్చు. కాని ఈనాడు ఇట్టి యంత్రాల ప్రకటనలు మొదట చేరుతున్నది విద్యార్థుల చేతిలోని ఫోనుకే. కొనుగోలుకు సొమ్ము మాత్రం తల్లిదండ్రుల చేతి నుంచి వస్తుంది.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో ఒక వ్యాసం వెలువడింది. బ్యాంకు మధ్యవర్తిత్వం లేకుండా ఒకరి నుంచి మరొకరికి సొమ్ము చేరే పద్ధతిని అది ప్రతిపాదించింది. 2009 జనవరి 3న ఆ పద్ధతి ఆచరణలోకి వచ్చింది. దీని స్వరూపం తెలియాలంటే పాత గ్రామ వ్యవస్థను ఒకసారి స్మరించుకోవాలి. పూర్వం ఊరికొక కరణం ఉండేవాడు. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎవరికి అమ్మారు అన్న లెక్కలన్నీ ఆయన పుస్తకంలోనే ఉండేవి. ఆయన రాసిందే రాత. బిట్‌కాయిన్‌లోనూ అటువంటి పద్దుపుస్తకమే ఉన్నది, కాని కరణం లేడు. ఆ పుస్తకం ప్రతులు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు పది నిమిషాలకొక కొత్త పుట అందులో చేరుతుంది. ఈ పుటనే ‘బ్లాకు’ అంటారు. కొత్త పుటను చేర్చే అధికారం ఎవరిది? పందెంలో గెలిచినవారిది. గెలిచినవారికి ప్రతిఫలంగా కొత్త నాణేలు పుడతాయి. ఈ పందెంలో పాల్గొనడాన్నే ‘మైనింగ్’, అంటే తవ్వకం అని వ్యవహరిస్తున్నారు.

ఆ పందెం స్వభావాన్ని బాగా గ్రహించాలి. యంత్రాల విలువ అంతా అక్కడే ఉన్నది. ఏ సమాచారాన్ని ఇచ్చినా దానిని ఒక నిర్ణీత పొడవు గల సంఖ్యగా మార్చివేసే గణిత ప్రక్రియ ఒకటి ఉన్నది. ఆ సంఖ్యను ‘హాష్’ అంటారు. మూలంలో ఒక్క అక్షరం మారినా హాష్ గుర్తుపట్టరానంతగా మారిపోతుంది. హాష్‌ను చూసి మూలాన్ని ఊహించడం సాధ్యం కాదు. పోటీదారు తన పుటకు ఒక అంకెను జోడించి హాష్ కట్టి చూడాలి. వచ్చిన ఫలితం నిర్ణయించిన హద్దు కంటే చిన్నదైతే గెలుపు. కాకుంటే అంకెను మార్చి మళ్ళీ కట్టాలి. అడ్డదారి లేదు. అవధాన సభలో సమస్య ఇచ్చినప్పుడు అవధాని ప్రతిభ, ధారణ, వ్యుత్పత్తి అన్నీ పరీక్షకు నిలుస్తాయి. ఇక్కడ వాటిలో ఒక్కదానికీ చోటు లేదు. తాళంచెవుల గుత్తిలో ఏది పడుతుందో తెలియక ఒక్కొక్కటే తిప్పి చూసేవాడి పని ఇది. ఎవడు వేగంగా తిప్పితే వాడికి అవకాశం ఎక్కువ. వార్తాపత్రికలు ‘క్లిష్టమైన గణిత సమస్యలను సాధించే యంత్రాలు’ అని రాస్తుంటాయి గాని, అవి సాధించేది ఏమీ లేదు. ఊహించి, పారవేసి, మళ్ళీ ఊహిస్తాయి.

ఈ వేగం కోసం సాగిన పోటీ చరిత్ర ఆసక్తికరమైనది. 2009లో ఇంటి కంప్యూటరు సెకనుకు కొన్ని పదుల లక్షల హాష్‌లు కట్టగలిగేది. ఆనాడు పోటీదారులు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. ఒక్కొక్క బ్లాకుకు 50 నాణేలు దక్కేవి. నాణేనికి విలువే లేని రోజులవి కనుక వాటిని పోగుచేసినవారు వ్యాపారులు కారు, కుతూహలం గలవారు. వారిలో ఆ నాణేలను దాచుకొన్నవారికి రొట్టె విరిగి నేతిలో పడింది. 2010 నాటికి బొమ్మల ఆటల కోసం తయారైన గ్రాఫిక్స్ కార్డులు ఈ పనిని ఎన్నో రెట్లు వేగంగా చేయగలవని తేలింది. 2013లో మరొక మలుపు వచ్చింది. హాష్ కట్టడం తప్ప మరే పనీ చేయలేని ప్రత్యేకమైన చిప్పులు విపణిలోకి ప్రవేశించాయి. వీటికి ‘ఏసిక్’ అని పేరు. బిట్‌మెయిన్ అనే చైనా సంస్థ 2013 చివరలో విడుదల చేసిన యాంట్‌మైనర్ ఎస్1 సెకనుకు పద్దెనిమిది వేల కోట్ల హాష్‌లు కట్టేది. అదే సంస్థ 2023లో ప్రకటించిన ఎస్21 కట్టేవి రెండు కోట్ల కోట్లు. మొదటిది 360 వాట్లు తాగితే రెండవది 3,500 వాట్లు తాగుతుంది. చేసే పనితో పోల్చి చూస్తే, అంతే పనికి పదేళ్ళ క్రితం అయిన విద్యుత్తులో నూరవ వంతు కంటే తక్కువే ఇప్పుడు ఖర్చవుతున్నది.

ఇంతటి ప్రగతి జరిగితే తవ్వకం చౌక కావలసింది కదా! కాలేదు. ఎందుకు కాలేదో గ్రహిస్తే ఈ వ్యాపారం మర్మం తెలిసినట్లే.

బిట్‌కాయిన్ నిబంధనావళిలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది కాఠిన్యానికి సంబంధించినది. ప్రతి 2,016 బ్లాకులకు, అనగా సుమారు రెండు వారాలకొకసారి, పందెం హద్దు తనంతట తానే సవరించబడుతుంది. యంత్రాలు పెరిగి బ్లాకులు త్వరత్వరగా వస్తుంటే పందెం కఠినమవుతుంది. యంత్రాలు తగ్గితే సులువవుతుంది. ఎన్ని యంత్రాలు చేరినా పది నిమిషాలకొక బ్లాకే. కోలారులో పదిమంది తవ్వేచోట వందమంది తవ్వితే కొంతైనా ఎక్కువ బంగారం వచ్చేది. ఈ గనిలో వందమంది దిగినా లక్షమంది దిగినా రోజుకు దొరికే నాణేలు అన్నే. పంచుకొనేవారు మాత్రం పెరుగుతారు. రెండవది సగం కోత. ప్రతి 2,10,000 బ్లాకులకు, అంటే రమారమి నాలుగేళ్ళకొకసారి, ప్రతిఫలం సగానికి తగ్గుతుంది. 2012 నవంబరులో 50 నుంచి 25 అయింది. 2016 జూలైలో 12.5, 2020 మేలో 6.25, 2024 ఏప్రిల్ 20న 3.125 అయింది. తరువాతి కోత 2028లో రావచ్చునని అంచనా. మొత్తం నాణేలు రెండు కోట్ల పది లక్షలను మించకూడదన్నది ఈ ఏర్పాటులోని ఆంతర్యం.

ఇక లెక్కలోకి వద్దాం. భాషా పాఠంలో లెక్కలేమిటని విద్యార్థులు నొసలు ముడివేయవద్దు. పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని పద్యాలలో చెప్పిన భాష మనది.

2024 ఏప్రిల్‌లో సగం కోత జరిగిన మరునాటి పరిస్థితిని తీసుకొందాం. ఆనాడు ప్రపంచంలోని తవ్వకపు యంత్రాల మొత్తం వేగం సుమారు 600 ఎక్సాహాష్‌లు. ఎస్21 యంత్రం వేగం 200 టెరాహాష్‌లు. అంటే మన యంత్రం వాటా ముప్పై లక్షలలో ఒకటి. రోజుకు 144 బ్లాకులు, బ్లాకుకు 3.125 నాణేలు చొప్పున ప్రపంచమంతటికీ రోజుకు పుట్టేవి 450 నాణేలు. ముప్పై లక్షలతో భాగిస్తే మన వాటా 0.00015 నాణెం. ఆనాటి ధర నాణేనికి సుమారు 64,000 డాలర్లు, డాలరుకు 83 రూపాయలు. కనుక రోజు రాబడి 797 రూపాయలు. లావాదేవీల రుసుము రూపంలో వచ్చే అదనాన్ని, ఉమ్మడి తవ్వకం నిర్వాహకులు కోసుకొనే కొద్దిపాటి శాతాన్ని ఇక్కడ విడిచిపెడుతున్నాం.

ఉమ్మడి తవ్వకం అన్న మాట వచ్చింది కనుక దానిని గురించి ఒక మాట. ఒంటరిగా తవ్వితే గెలుపు బ్లాకుకు ముప్పై లక్షలలో ఒక వంతు. రోజుకు 144 అవకాశాల చొప్పున చూస్తే సగటున యాభై ఏడేళ్ళకొక గెలుపు. అంతకాలం యంత్రమూ నిలవదు, కొన్నవాడి ఓపికా నిలవదు. అందుచేత వేలమంది తమ యంత్రాలను ఒక కూటమిగా చేర్చి, ఎవరు గెలిచినా వేగాన్ని బట్టి పంచుకొంటారు. ఈ కూటములను ‘పూల్’ అంటారు. 2010లో చెక్ దేశంలో ఇది మొదలయింది.

ఇప్పుడు వ్యయం. 3,500 వాట్ల యంత్రం ఇరవై నాలుగు గంటలు నడిస్తే 84 యూనిట్లు అవుతుంది. నెలకు 2,520 యూనిట్లు. నెలకు 250 యూనిట్లు వాడే సామాన్య కుటుంబాలు పది కలిసి వాడేటంత విద్యుత్తును ఒక్క పెట్టె మింగుతుందన్నమాట. యూనిట్ ఏడు రూపాయలనుకొంటే రోజుకు 588 రూపాయలు. తెలుగు రాష్ట్రాలలో ఇంటి విద్యుత్తుకు వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతి ఉన్నది కనుక ఏడు రూపాయలన్నది ఉదారమైన అంచనాయే. రాబడి 797లో 588 పోగా మిగిలేది 209 రూపాయలు. యంత్రం ధర, రవాణా, సుంకం కలిపి మూడు లక్షలైందనుకొందాం. రోజుకు 209 చొప్పున మూడు లక్షలు తిరిగి రావడానికి 1,435 దినాలు, అంటే నాలుగేళ్ళకు కొద్దిగా తక్కువ. అప్పటికి ప్రతిఫలం మరొకసారి సగం కావడానికి సిద్ధంగా ఉంటుంది.

ఈ లెక్కలో పెద్ద లొసుగు ఒకటి ఉన్నది. నాలుగేళ్ళూ ప్రపంచం కదలక నిలిచి ఉంటుందని మనం అనుకొన్నాం. ఉండదు. 2025లో మొత్తం వేగం 1,000 ఎక్సాహాష్‌ల స్థాయిని అందుకొన్నది. అంటే మన వాటా ముప్పై లక్షలలో ఒకటి కాస్తా యాభై లక్షలలో ఒకటి అయింది. రోజుకు 0.00015కు బదులు 0.00009. ధర మారకుండా ఉండి ఉంటే రాబడి 478 రూపాయలు, విద్యుత్తు 588 రూపాయలు. యంత్రం చెడిపోలేదు, వేగం తగ్గలేదు, యజమాని ఏ పొరపాటూ చేయలేదు. అయినా రోజుకు 110 రూపాయలు నష్టం. పాడి గేదెను కొన్నవాడి పాలు పక్కింటివాడు మరొక గేదెను కొన్నందున తగ్గవు. ఈ యంత్రం విషయంలో తగ్గుతాయి. మనం కొంటున్నది యంత్రమని పొరబడుతున్నాం గాని, నిజానికి కొంటున్నది పందెంలో ఒక వాటా. అది ఎండలో పెట్టిన మంచుగడ్డ వంటిది.

ఆ కాలంలో నాణెం ధర బాగా పెరిగిన మాట వాస్తవమే. 2024 డిసెంబరులో అది మొదటిసారి లక్ష డాలర్లు దాటింది. దానితో ఎన్నో యంత్రాలు బతికి బయటపడ్డాయి. యంత్రాల విక్రేతలు ఈ మాటనే ప్రధానంగా వినిపిస్తారు. అయితే ధర పెరుగుతుందన్న నమ్మకమే ఆధారమైతే యంత్రంతో పనేమిటి? మూడు లక్షల రూపాయలతో 2024 ఏప్రిల్‌లో నేరుగా నాణేన్నే కొని ఉంటే 0.0565 నాణెం వచ్చేది. అంతే నాణేన్ని మన యంత్రం తవ్వాలంటే, ప్రపంచ వేగం కదలకుండా నిలిచినా 376 దినాలు పడుతుంది. అందుకు యంత్రం వెల గాక రెండు లక్షల ఇరవై వేల రూపాయల విద్యుత్తు ఖర్చవుతుంది. కనుక యంత్రం కొనదలచినవాడు వేసుకోవలసిన ప్రశ్న ‘ఇది లాభం తెస్తుందా’ అని కాదు. ‘ఈ సొమ్ముకు ఇప్పుడే దొరికే నాణేల కంటే ఎక్కువ నాణేలను ఇది నాకు తవ్వి ఇస్తుందా’ అని. నాణేన్ని కొనడం మంచిదని ఇక్కడి భావం కాదు. 2021 నవంబరులో 69,000 డాలర్లకు చేరువైన ధర సంవత్సరం తిరిగేసరికి 16,000 డాలర్లకు దిగజారింది. అది వేరే ప్రమాదం. యంత్రం కొన్నవాడు ఆ ప్రమాదాన్ని తప్పించుకోలేడు సరికదా, దాని మీద మరికొన్నిటిని నెత్తికెత్తుకొంటాడు.

పాత యంత్రాల సంగతి మరీ దయనీయం. 2016లో వచ్చిన ఎస్9 ఆనాటి మేటి యంత్రం. దాని వేగం 13.5 టెరాహాష్‌లు, వాడకం 1,300 వాట్లకు పైన. 2024 ఏప్రిల్ నాటి లెక్కన దాని రోజు రాబడి 54 రూపాయలు, విద్యుత్తు ఖర్చు సుమారు 220 రూపాయలు. చారాణా కోడికి బారాణా మసాలా అని తెలంగాణ సామెత. ఇక్కడ మసాలా ఖర్చు బారాణాను కూడా దాటి రూపాయికి చేరింది. చవకగా వస్తున్నదని వాడిన యంత్రాలను కొనేవారు ఈ ఒక్క లెక్క వేసుకొంటే చాలు. ఏసిక్ యంత్రం హాష్ తప్ప మరేమీ కట్టలేదని ముందే చెప్పుకొన్నాం. తవ్వకానికి పనికిరాని నాడు దానిలో పాట వినలేము, ఉత్తరం రాయలేము. దానితో ఇల్లు వెచ్చబరచుకొనే చలిదేశాలవారు కొందరున్నారు. మే నెలలో విజయవాడలో ఆ ఉపయోగం ఎవరికి కావాలి? 3,500 వాట్ల వేడి అంటే నీళ్ళు కాచే కడ్డీలు మూడున్నర ఒకే గదిలో రేయింబవళ్ళు మండుతున్నట్లు. పైగా దాని పంకాల రొద గదిలో పెద్దగా అరిస్తే తప్ప మాట వినపడనీయదు.

గ్రాఫిక్స్ కార్డులకు మరొక పని ఉన్నది కనుక అవి నయమని వాదించేవారున్నారు. ఈ వాదంలో సగం నిజం ఉన్నది. ఇందుకు మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకరి అనుభవాన్ని చెప్పాలి. 2021 చివరలో అతడు నాలుగు గ్రాఫిక్స్ కార్డులు కొని, ఇనుప చట్రానికి బిగించి, ఇథీరియం అనే మరొక నాణేన్ని తవ్వడం మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం కార్డులకు ఎంతటి గిరాకీ అంటే, అసలు ధరకు రెట్టింపు పెట్టినా దొరకడం గగనమయింది. పెట్టుబడి రెండు లక్షల అరవై వేలు. అందులో అధికభాగం అతని తల్లి చీటీ పాడగా వచ్చిన సొమ్ము. మొదటి నెలల్లో రాబడి ఆశాజనకంగానే ఉన్నది. లెక్కలు నాకు ఫోనులో చూపి, ‘మాస్టారూ, మీరూ ఒకటి పెట్టండి’ అన్నాడు. అవునని గాని కాదని గాని చెప్పగల జ్ఞానం ఆనాడు నాకు లేదు. సాహిత్యంలో పరుసవేది కథలు చదివిన అనుమానం మాత్రం ఉన్నది.

2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతినే మార్చుకొన్నది. పందెం స్థానంలో, నాణేలను హామీగా నిలిపినవారికి పుట రాసే అధికారమిచ్చే ఏర్పాటు వచ్చింది. ఆ జాలం విద్యుత్తు వాడకం ఒక్కనాటితో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా తగ్గింది. పర్యావరణానికి అది మేలే. ప్రపంచంలోని లక్షలాది గ్రాఫిక్స్ కార్డులకు మాత్రం అదే రోజున కొలువు పోయింది. ఈ మార్పు రానున్నదని కొన్నేళ్ళుగా ప్రకటిస్తూనే ఉన్నారు. వాయిదాల మీద వాయిదాలు పడినందున ఎవరూ పట్టించుకోలేదు. మా విద్యార్థికి పెట్టుబడిలో సగమైనా తిరిగి రాలేదు. కార్డులకు మరొక పని ఉన్నమాట నిజమే గాని, అందరి కార్డులూ ఒకే వారంలో అమ్మకానికి వస్తే ఆ మరొక పని ఇచ్చే ధర ఎంత ఉంటుంది? తల్లి ఆ తరువాత కూడా చాలా కాలం నెలనెలా చీటీ వాయిదా కట్టవలసి వచ్చింది.

యంత్రమే చేతికి రాని నష్టాలు కూడా లేకపోలేదు. అమెరికాలో బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే సంస్థ 2012 నుంచి తవ్వకపు యంత్రాలకు ముందుగానే సొమ్ము వసూలు చేసింది. యంత్రాలు అందలేదనీ, అందినవి కూడా కాలం చెల్లిన తరువాత అందాయనీ ఆ దేశ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014 సెప్టెంబరులో న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2016లో ఆ వివాదం రాజీతో ముగిసింది. కొనుగోలుదారుల గోడులో ఒక విశేషం ఉన్నది. బియ్యం బస్తా నెల ఆలస్యంగా వచ్చినా అది బియ్యమే. ఈ యంత్రం ఆరు నెలలు ఆలస్యమైతే, ఆ ఆరు నెలలూ పందెం కఠినమవుతూనే ఉంటుంది కనుక, వచ్చేది ఇనుము. మన దేశంలో గెయిన్ బిట్‌కాయిన్ అనే పథకం ఇంకొక అడుగు ముందుకు వేసింది. యంత్రం మీ ఇంట అక్కరలేదు, మీ తరఫున మేమే తవ్వుతాం, పద్దెనిమిది నెలలపాటు నెలకు పదిశాతం ఇస్తామని వాగ్దానం చేసింది. వేలాది మదుపరులు మోసపోయారన్న ఆరోపణపై 2018లో దాని నిర్వాహకులు అరెస్టయ్యారు. తరువాత ఆ కేసు సి.బి.ఐ. చేతికి వెళ్ళింది. నిజమైన తవ్వకంలో రాబడి ప్రతి రెండు వారాలకూ మారుతుంది. నెలనెలా మారని శాతాన్ని వాగ్దానం చేసినప్పుడే అది తవ్వకం కాదని అనుమానించవలసింది.

ఇక పన్ను. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఇట్టి ఆస్తుల అమ్మకం మీది ఆదాయానికి ముప్పై శాతం పన్ను, దానిపై నాలుగు శాతం సెస్సు విధించారు. సేకరణ వ్యయం తప్ప మరే ఖర్చునూ ఆ ఆదాయం నుంచి మినహాయించరు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంతో సర్దుకోవడానికీ వీలులేదు. తవ్వకం వసతులకు పెట్టిన ఖర్చు సేకరణ వ్యయం కిందకు రాదని 2022 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టం చేసింది. అంటే మూడు లక్షల యంత్రం పన్ను లెక్కలో లేనట్లే. మినహాయింపు ఏదీ దొరకక 797 రూపాయల రాబడి మొత్తం మీద పన్ను పడిందనుకొంటే అది 249 రూపాయలు. విద్యుత్తు పోగా మనకు మిగిలినది 209. వ్యాపారి రోజుకు 40 రూపాయలు చేతి నుంచి ఎదురు పెట్టుకోవలసి వస్తుంది.

మరి ఈ గనిలో లాభపడేవారు ఎవరూ లేరా? ఉన్నారు. విద్యుత్తు అతి చౌకగా దొరికేవారు. మన పొరుగున ఉన్న భూటాన్ ఇందుకు చక్కని ఉదాహరణ. హిమాలయ నదుల మీద కట్టిన జలవిద్యుత్ కేంద్రాలలో వర్షకాలంలో మిగిలిపోయే విద్యుత్తుతో ఆ దేశపు ప్రభుత్వ సంస్థయే బిట్‌కాయిన్‌ను తవ్వుతున్నట్లు 2023లో వెల్లడయింది. అమ్ముకోలేని విద్యుత్తుకు వెల ఏ పాటిది! మొదట్లో ఈ వ్యాపారంలో సగానికి పైగా చైనాలోనే సాగేది. 2021లో ఆ దేశం నిషేధించగానే యంత్రాలు ఓడలెక్కి అమెరికాకు, కజకిస్తాన్‌కు తరలిపోయాయి. చౌక విద్యుత్తును వెతుక్కొంటూ పచ్చికబయళ్ళ కోసం తిరిగే మందల వలె ఇవి దేశాలు తిరుగుతాయి. పెద్దవారు సైతం క్షేమంగా లేరు. అమెరికాలోని అతి పెద్ద తవ్వక సంస్థలలో ఒకటైన కోర్ సైంటిఫిక్ 2022 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. 2024 జనవరిలో బయటపడి, ఆ తరువాత తన విద్యుత్తులో కొంత భాగాన్ని కృత్రిమ మేధ కంప్యూటర్లకు కేటాయించింది. వేల యంత్రాలు, చవక విద్యుత్తు, నిపుణులైన ఉద్యోగులు గల సంస్థకే అట్టి స్థితి వచ్చినప్పుడు, ఇంటి మీటరు మీద ఒక యంత్రాన్ని నడిపేవాడు పోటీ పడుతున్నది ఎవరితోనో ఆలోచించాలి. అతడు యూనిట్‌కు ఏడు రూపాయలు చెల్లిస్తూ, అందులో నాలుగవ వంతో, మూడవ వంతో చెల్లించేవారితో ఒకే పందెంలో దిగుతున్నాడు.

తవ్వకంలో స్వయంగా పాల్గొని విషయం నేర్చుకోవాలన్న కుతూహలం గలవారిని ఎవరూ కాదనరు. అందుకు మూడు లక్షల యంత్రం అక్కరలేదు. పాత కంప్యూటరు మీద ఒక సాయంత్రం హాష్ కట్టి చూసినా పందెం స్వభావం బోధపడుతుంది. కొనే తీరుతామనేవారు మాత్రం విక్రేతను కొన్ని సంగతులు అడిగి, సమాధానాలను కాగితం మీద రాయించుకోవాలి. ఒక టెరాహాష్‌కు ఎన్ని జౌళ్ళ విద్యుత్తు ఖర్చవుతుంది? యంత్రం ఏ తేదీన చేతికి వస్తుంది, ఆలస్యమైతే సొమ్ము వాపసు ఇస్తారా? మీరు చూపుతున్న రోజువారీ రాబడి ఏ తేదీ నాటి కాఠిన్యం మీద కట్టినది? మూడవ ప్రశ్నకు తడబడేవారే ఎక్కువ. ఇంత లాభసాటి యంత్రాన్ని తామే నడుపుకోక మనకెందుకు అమ్ముతున్నారన్నది నాలుగవ ప్రశ్న. దానికి సమాధానం అడగకుండానే తెలుస్తుంది.

మా విద్యార్థి మొన్నామధ్య కనిపించాడు. మూడు కార్డులు అమ్మివేశాడట, నాలుగవదానితో చిన్న చిన్న యానిమేషన్ పనులు చేసుకొంటున్నాడు. ఎవరో వాడిన ఏసిక్ యంత్రాన్ని నలభై వేలకు ఇస్తామంటున్నారని చెప్పాడు. నేనేమీ అనలేదు. జేబులోంచి అతడే ఒక కాగితం తీశాడు. యంత్రం వేగం, వాడకం, యూనిట్ ధర, ప్రపంచ వేగం వరుసగా రాసి ఉన్నాయి. కింద రాబడి గడిలో అంకె చిన్నది, ఖర్చు గడిలో అంకె పెద్దది. ‘అమ్మకు కూడా చూపించాను మాస్టారూ’ అన్నాడు. వెనకటి ఇనుప చట్రం ఏమైందని అడిగాను. వంటింట్లో ఉన్నదట, దాని మీద ఆవకాయ జాడీలు పెట్టుకొన్నారట.